ఎండ వాటా

వైశాఖ బహుళ త్రయోదశి. పోటు పెరుగుతోంది.

కొత్త బండి వచ్చి పక్షం దాటింది. రిపేర్ల గురించి ఆఫీసు ఇచ్చిన తెర పలకలో ఏమైనా రాయాలా అని చూస్తే రాయడానికి ఒక్క ముక్క లేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాకు ఇలాంటి సుఖం ఇదే మొదలు.

పట్నం ఆఫీసువాళ్ళు తేదీలు వేసి రాయమంటారు. నీళ్ళకు తేదీలు తెలియవు, తిథులే తెలుసు. అష్టమి నాడు పోటు నీరసంగా వచ్చి వెనక్కి పోతుంది. అమావాస్యకైతే మెట్లెక్కి గుమ్మంలో కూర్చుంటుంది. ఏడు లంకల మధ్య ఆసుపత్రి బండి నడిపేదాన్ని, నాకు తిథి చాలు. బండి అంటే పడవే. ఇక్కడ రోడ్లుండే కాలంలో అది చక్రాల మీద వచ్చేదట. రోడ్లు మునిగిపోయినా మావాళ్ళు పేరు మార్చలేదు.

పాత డీజిలు బండి ఉన్నప్పుడు నా పొద్దు ఎలా తెల్లారేదో రాస్తే ఆఫీసుకు నిద్ర పట్టదు. ఇంజనాయిలు చూడు, ఫిల్టరు విప్పి కడుగు, బెల్టు బిగించు, నాజిలు ఊదు. ఇన్ని చేసినా దానికి మనసైతేనే అంటుకునేది. అలిగిందంటే పట్నం నుంచి మెకానిక్కు వచ్చేదాకా రేవులో పడుకునేది. ఈ లోపల పురుడొచ్చినా, పాము కరిచినా తెడ్లే గతి. ఇప్పుడు నా పని గుడ్డ తడిపి ఉప్పు తుడవడం, బ్యాటరీని చల్లబరిచే నీళ్ళు చూడడం, అడుగున తిరిగే రెక్కకు చుట్టుకున్న నాచు లాగెయ్యడం. బండికి మేత మా స్టేషను కప్పు మీద కరెంటు చేసే ఎండ అద్దాలే పెడతాయి. ఇవాళ్టి ఖర్చు ఒక తడిగుడ్డ.

మధ్యాహ్నం అన్నం తింటుంటే ఎస్తేరు నా చెయ్యి పట్టుకుని వాసన చూసింది. ఎస్తేరు మా నర్సు. నాకంటే పదిహేనేళ్ళు చిన్నది, నోరు మాత్రం నా అంత పెద్దది.

"అక్కా, నీ చేతికి డీజిలు వాసన పోయింది. ఇప్పుడు నువ్వు కలిపిన ముద్ద నేనూ తింటాను, పెట్టు."

పెట్టాను. గోంగూర గోంగూర లాగే ఉంది. ఈ బండిని కనిపెట్టిన మహానుభావులు ఎవరో గానీ వాళ్ళ కడుపు చల్లగా ఉండాలి.

వైశాఖ అమావాస్య. పోటు ఎక్కువ.

ఇవాళ చమురు వాటా రోజు. ప్రభుత్వం పంపే డీజిలు పౌర్ణమి దాటేసరికి అయిపోయేది. మిగతా పక్షం బండి నడవాలంటే లంకలవాళ్ళే పోసుకోవాలి. అందుకని అమావాస్యకు ఇంటింటి వాళ్ళూ కొబ్బరికాయలో, ఎండు రొయ్యలో, బియ్యమో తెచ్చి రేవులో ఇచ్చేవారు. అవి ఆ పూటే సంతకు పోయి డీజిలై వచ్చేవి. ఇచ్చిన ప్రతి ఇంటి నుంచీ ఒకరు వచ్చి గరిటెడు చమురు తమ చేత్తోనే ట్యాంకులో పోయాలి. అది ఇక్కడి ఆనవాయితీ. ఒకరు పోసి ఊరుకునేవారు కాదు, పసిపిల్లల చేత కూడా పోయించేవారు. సగం చమురు నా కాళ్ళ మీదే పడేది.

ఈసారి గంపలతో వచ్చినవాళ్ళందరినీ మెట్ల మీదే ఆపేశాను. "ఇంక ఎవరూ ఏమీ తేనక్కర్లేదు. ఈ బండికి పైసా ఖర్చు లేదు. పిలిస్తే వస్తుంది, అంతే" అన్నాను. ఈ మాట అనడానికి పక్షమంతా లోపల్లోపల అభ్యాసం చేశాను.

అందరికంటే ముందు నిలబడ్డది పల్లాలమ్మత్త. కోటేరు లంకలో పెద్ద మనిషి. ఒక్క అమావాస్య కూడా తప్పించి ఎరగదు. ఆవిడ బండి చుట్టూ ఒకసారి చూసింది.

"ట్యాంకు మూత ఏదమ్మా?"

"దీనికి ట్యాంకే లేదత్తా."

"మరి మేం ఏం పొయ్యాలి?"

"ఏమీ పొయ్యక్కర్లేదు. కాయలు పట్టుకెళ్ళి పచ్చడి చేసుకో. హాయిగా ఉండు."

ఆవిడ గంప నెత్తిన పెట్టుకుని వెనక్కి తిరిగింది. మిగతావాళ్ళూ వెళ్ళిపోయారు. ఇంతమంది బరువు దించాను కదా అని నాకు మహా గర్వంగా ఉంది.

ఆషాఢ శుద్ధ పంచమి. పోటు మామూలు.

ఖర్చులో మిగిలిన దానితో ఆఫీసు మా బండికి వెచ్చపెట్టె పంపింది. నెలలు నిండని పిల్లలు పుడితే దాంట్లో పడుకోబెడతారు. మందులకు చిన్న ఫ్రిజ్ కూడా వచ్చింది. ఇదివరకు ఈ సొమ్మంతా పొగై గాలిలో కలిసిపోయేది. ఎస్తేరు ఆ పెట్టెను తుడిచి, మళ్ళీ తుడిచి, దాని ముందు మోకరించి ప్రార్థన చేసుకుంది. నేనూ ఒక నమస్కారం పెట్టాను. ఎవరికి పెట్టామన్నది ఎవరి లెక్క వాళ్ళది.

మొన్న ఒక పాముకాటు కేసు. వాళ్ళింటి గోడకున్న పిలుపు మీట నొక్కిన వెంటనే బయలుదేరాం. ఇంజను వేడెక్కాలని నిలబడే పని లేదు. మనిషి బతికాడు.

నిన్న పల్లాలమ్మత్తకు కళ్ళు తిరిగితే పట్నం తీసుకెళ్ళి తెచ్చాం. ఇవాళ కొడుకు ధర్మారావు చేత కొబ్బరి గెల పంపింది. "మీ అమ్మకు చెప్పు, ఇలాంటివి పుచ్చుకోకూడదు, రూలు" అని తిప్పి పంపాను. అతను గెల భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. లేత కాయలు. ఎస్తేరు వాటివంక చూసిన చూపు చూస్తే జాలేసింది.

ఆషాఢ బహుళ నవమి. పోటు నీరసం.

పిలుపులు తగ్గిపోయాయి. మొదట్లో లంకలకు ఆరోగ్యం కుదిరిందనుకున్నాం. నేను ఈత బుట్టలు అల్లడం నేర్చుకున్నాను. ఎస్తేరు నా బుట్టలను చూసి, బండి నడపడం మానొద్దని సలహా ఇచ్చింది.

ఇవాళ పలకలో అనిరుధ్ గారు కనిపించారు. పట్నం ఆఫీసులో బండ్లన్నీ ఆయన చేతి కిందే. చెడ్డవాడు కాదు. అంకెలు ఎటు తీసుకుపోతే అటు పోతాడు.

"సూర్యావతి గారూ, మీ బండి ఖర్చు జిల్లాలో అందరికంటే తక్కువ. చాలా సంతోషం. కానీ ఒక్కో పిలుపుకు పడే ఖర్చు అందరికంటే ఎక్కువ."

"అదెలా సార్? బండి ఎండ తాగి నడుస్తోంది."

"బండి తాగేది ఎండే. మీ ఇద్దరి జీతాలు, స్టేషను, మందులు ఉన్నాయి కదా. వాటిని పిలుపుల మీద పంచాలి. పిలుపులే లేకపోతే ఎవరి మీద పంచను?"

ఇలాగే ఉంటే భాద్రపద పౌర్ణమికి బండినీ, వెచ్చపెట్టెనూ పట్నం స్టేషనుకు మార్చేస్తారట. లంకల్లో ఎవరికైనా ప్రాణం మీదికొస్తే అక్కడి నుంచే వస్తుందట. పాటు వేళ, నీళ్ళు సముద్రంలోకి తీసేటప్పుడు, పట్నం నుంచి ఇక్కడికి వచ్చి వెళ్ళేసరికి పూట గడిచిపోతుంది. ఆ లోపల మనిషి ఉంటాడా?

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ఖర్చు తగ్గిందని సంబరపడితే బండికే ఎసరొచ్చింది.

శ్రావణ శుద్ధ తదియ. పోటు ఎక్కువ.

పిలుపు మీటలు చెడిపోయాయేమోనని నాలుగు రోజులుగా ఇంటింటికీ తిరుగుతున్నాను. ఒక్కటి కూడా చెడలేదు. అన్నీ తుడిచి, కొందరైతే పసుపు బొట్టు కూడా పెట్టి ఉంచారు.

"చప్పుడు లేదు కదక్కా" అంది ఎస్తేరు. "డీజిలు బండి నాలుగు లంకల అవతలికి వినపడేది. ఇది ఉందో లేదో జనానికి తెలీడం లేదేమో."

సరేనని ఒక గంట కట్టి, వాయించుకుంటూ లంకల చుట్టూ తిప్పాను. ఐస్ పడవ అనుకుని పిల్లలంతా డబ్బులు పట్టుకుని రేవుల్లోకి వచ్చేశారు. బండిలో మందులు తప్ప ఏమీ లేవని తెలిసి ఒకడు ఏడ్చాడు. గంట విప్పేశాను.

చివరి ఇంట్లో ఒకాయన కాలికి పసుపు గుడ్డ కట్టుకుని కూర్చున్నాడు. గుడ్డ విప్పితే ఎస్తేరు మొహం మారిపోయింది. ఇంకో రెండు రోజులైతే కాలు తీసెయ్యాల్సి వచ్చేది.

"ఎందుకు పిలవలేదండీ?" అన్నాను.

"ఎందుకులెండి, ఈ మాత్రం దానికి" అన్నాడు. ఇంకేమీ చెప్పడు. నవ్వుతాడు, మజ్జిగ తాగమంటాడు. తోటకూర కట్ట చేతిలో పెట్టబోయాడు. నేను వద్దన్నాను. ఆ నవ్వు ఆగిపోయింది. వీళ్ళకు నా మీద ఏదో కోపం ఉంది. ఏమిటో చెప్పి చావరు.

నాకు అసలు భయం మంగతాయారు గురించి. పల్లాలమ్మత్త కోడలు, ధర్మారావు భార్య. ఎనిమిదో నెల. రక్తపోటు ఎక్కువగా ఉంది. కిందటి కాన్పు పోయింది. తలనొప్పి వచ్చినా, కళ్ళ ముందు మిణుగురులు తిరిగినా ఆ క్షణమే మీట నొక్కమని ఎస్తేరు ఒట్టు పెట్టించుకుంది. ఆ పిల్ల తలూపింది. ఆ తలూపడం చూస్తే నాకు నమ్మకం కలగలేదు.

శ్రావణ శుద్ధ ద్వాదశి. పాటు వేళ.

బండి ఇంకా తుడవలేదు. అయినా రాస్తాను.

మంగతాయారు రక్తపోటు చూపించుకోవడానికి రాలేదని ఎస్తేరు పొద్దుటి నుంచీ ఒకటే గోల. పద, మనమే వెళ్దామని బయలుదేరాం. కోటేరు పాయ మలుపులో ఎదురుగా వాళ్ళ చిన్న నావ. ధర్మారావు తెడ్లు వేస్తున్నాడు. పాటు సముద్రం వైపు లాగుతోంది, అతను పట్నం వైపు వేస్తున్నాడు. నావ ఉన్నచోటే ఉంది. పల్లాలమ్మత్త ఒళ్ళో కోడలి తల పెట్టుకుని గొడుగు పట్టుకుంది. పొద్దున్నే మొదలైందట తలనొప్పి. ఇంటి గోడకు మీట ఉంది, నొక్కలేదు.

బండిలోకి ఎక్కిస్తుండగానే పిల్లకు ఒళ్ళంతా కొట్టుకోవడం మొదలైంది. మావాళ్ళు దాన్ని గుర్రపువాతం అంటారు. ఎస్తేరు సూది మందు ఇచ్చి, ఒత్తిగిలి పడుకోబెట్టి, నా వైపు చూసి "అక్కా, పట్నం. ఎంత తొందరగా అయితే అంత" అంది. అంత నెమ్మదిగా ఎస్తేరు మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు.

పాటుకు ఎదురు వెళ్తే బండి బ్యాటరీ ఇట్టే తినేస్తుంది. నెమ్మదిగా వెళ్తే తప్పకుండా చేరతాం, కానీ ఎంతసేపటికో తెలియదు. జోరుగా వెళ్తే చేరతామో లేదో అనుమానమే. జోరుగానే వదిలాను. లోపలి చల్లగాలి ఆపాను, దీపాలు ఆపాను, ఫ్రిజ్ ఆపాను, ఆసుపత్రికి కబురు పెట్టి ఈ పలకను కూడా ఆపేశాను. ముందున్న బ్యాటరీ ముల్లు తగ్గిపోతూనే ఉంది. ధర్మారావు దాన్ని చూడకుండా నీళ్ళవంక చూస్తున్నాడు. పల్లాలమ్మత్త మాత్రం చూసింది.

"చమురు అయిపోతందాండీ?"

"ఎండ అయిపోతోందత్తా."

ఆవిడ నావలోంచి తెచ్చుకున్న దీపం డబ్బా ముందుకు తోసింది. ఇళ్ళలో పగలు ఎండకు పెట్టి కరెంటు నింపుకుని, సాయంత్రం దీపానికీ ఫ్యానుకూ వాడుకునే డబ్బా. దారిలో చీకటి పడితే పనికొస్తుందని వేసుకున్నారు.

"ఇందులో ఎండే కదా ఉంది. ఇది పొయ్యొచ్చా?"

ఇప్పుడు అన్నిటికీ ఒకటే ప్లగ్గు. ఆ డబ్బాతో ఈ బండి రేవు పొడవు నడిస్తే గొప్ప. అయినా కాదనడానికి మనసొప్పక తగిలించాను. ముల్లు కదిలిందో లేదో కూడా నాకు కనపడలేదు.

ఆవిడ మాత్రం కదిలింది. అప్పటిదాకా బండి అంచున, ఎవరి పీట మీదో కూర్చున్నట్టు ఒదిగి కూర్చున్న మనిషి, లేచి కోడలి కాళ్ళ దగ్గర బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "ఏమ్మాయ్, ఇంకొంచెం తొందరగా పోనీ. ఆ ఇసకమేట పక్కనించి పోనీ, అక్కడ వడి తక్కువ" అంది. ఆవిడ చెప్పింది నిజమే. మేట పక్కన పాటు పలచగా ఉంది. అటే పోనిచ్చాను. పట్నం రేవు తాకేసరికి ముల్లు అడుగున ఉంది. రేవులో స్ట్రెచరు సిద్ధంగా ఉంది.

శ్రావణ శుద్ధ త్రయోదశి. పట్నం ఆసుపత్రి వరండా.

ఆపరేషను చేశారు. ఆడపిల్ల. దోసిలిలో పట్టేంత ఉంది. ఆసుపత్రి వెచ్చపెట్టెలు ఒక్కటీ ఖాళీ లేకపోతే మా బండిలోది మోసుకొచ్చి పెట్టారు. డీజిలు తాగకుండా మిగిలిన సొమ్ము ఆ పెట్టెలో ఊపిరి పీలుస్తోంది. మంగతాయారు పొద్దున కళ్ళు తెరిచి మంచినీళ్ళడిగింది. ఎస్తేరు వరండాలో నేల మీద పడుకుని నిద్రపోయింది. నేను ఏ దేవుణ్ణి వదలకుండా అందరికీ దండం పెట్టాను.

పల్లాలమ్మత్త బల్ల మీద నా పక్కన కూర్చుంది. టీ తాగించి అడిగాను.

"ఎందుకు పిలవలేదత్తా? ఆ పిల్ల పోయుంటే?"

"పిలుద్దామనే అన్నాడండి ధర్మారావు. నేనే వద్దన్నాను."

ఆవిడ నన్ను అండీ అంది. ఎప్పుడూ అమ్మాయ్ అనే మనిషి. ఎప్పటినుంచి అలా అంటోందో నేను గమనించనే లేదు.

"చమురు పోసినంత కాలం అది మా బండండి. దగ్గొచ్చినా పిలిచేవోళ్ళం, ఉత్తినే పిలిచి తిట్టేవోళ్ళం. మీరు వద్దన్నారు. కాయలు పంపితే తిప్పి పంపేరు. ఆయ్, రూలే అనుకోండి. మరి ఇంక అది మీ బండే కదా. మీ బండిని ఊరికే ఎన్నిసార్లు పిలుత్తాం? ఒకసారి నా కళ్ళు తిరిగినప్పుడు పిలిచేం. మళ్ళీ కోడలికా? మీరేమనుకోకపోయినా మాకుండదా సిగ్గు?"

లంకలన్నీ ఇలాగే అనుకుంటున్నాయట. మీటకు పసుపు బొట్టు పెట్టి, నొక్కకుండా దండం పెట్టుకుంటున్నారట. తోటకూర ఇవ్వబోయిన మనిషి మొహం గుర్తొచ్చింది. సిగ్గు నాదే.

"నిన్న డబ్బా తగిలించాక గట్టిగానే మాట్లాడావుగా అత్తా" అన్నాను.

"నిన్న మా ఎండ పోశాం కదమ్మా" అంది, అమ్మా అనడంలో ఏమీ తడుముకోకుండా.

శ్రావణ బహుళ పంచమి. పోటు తగ్గుతోంది.

ఆలోచించింది పల్లాలమ్మత్తే. చమురు వాటా బదులు ఎండ వాటా. దాదాపు ప్రతి ఇంట్లోనూ దీపం డబ్బా ఉంది. అమావాస్యకు ప్రతి ఇల్లూ ఒక డబ్బా తెచ్చి బండిలో పొయ్యాలి. మధ్యలో రోజుకో వాడ చొప్పున తేవాలి.

చిక్కు ఒకటే. బండికి అది అక్కర్లేదు. స్టేషను కప్పు మీది అద్దాలే సరిపోతున్నాయి. అక్కర్లేనిది పోయించుకుని అవసరమైనట్టు నటిస్తే రెండో రోజుకే పట్టేస్తారు. అందుకని ఆ అద్దాల కరెంటును బడి దగ్గరి మంచినీళ్ళ యంత్రానికి ఇచ్చేద్దాం అన్నాను. ఉప్పు తీసే ఆ యంత్రం వానాకాలంలో కరెంటు చాలక రోజు విడిచి రోజు పడుకుంటోంది. అప్పుడు బండి నిజంగానే జనం ఎండ మీద నడవాలి.

అనిరుధ్ గారికి చెప్తే కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఖర్చు లేని బండికి మీరే ఖర్చు తెచ్చిపెడుతున్నారు. వైర్లు కావాలి, ప్లగ్గులు కావాలి. ఉచితంగా వచ్చేదాన్ని వదిలేసి ఇళ్ళ చుట్టూ తిరుగుతానంటారేమిటి?"

"మీరు చెప్పిన లెక్కే సార్. బండి ఖర్చు కొంచెం పెరుగుతుంది. పిలుపులు వస్తే ఒక్కో పిలుపు ఖర్చు పడిపోతుంది. ఇదివరకు పొదుపు చేశాం, పిలిచేవాళ్ళు పోయారు."

"జనం ఇలా ఆలోచిస్తారని ఎక్కడా రాసి లేదండీ."

"నాకూ తెలీదు సార్. నేనిక్కడే పుట్టాను."

ఆయన చాలాసేపు అంకెలు చూసుకున్నారు. చివరికి, గడువు ఆశ్వయుజ పౌర్ణమికి పొడిగిస్తున్నానన్నారు. వైర్లు కూడా పంపుతానన్నారు. ఆయన్ని ఇన్నాళ్ళు తిట్టుకున్నందుకు లెంపలేసుకున్నాను. మెల్లగానే వేసుకున్నాను.

శ్రావణ అమావాస్య. పోటు గుమ్మం దాకా.

ఇవాళ రేవు చూడాల్సిందే. ఏడు లంకల నుంచీ నావలు. ప్రతి నావలో ఒక దీపం డబ్బా, దాని మీద తడి తగలకుండా కప్పిన తువ్వాలు. వరసలో నిలబడి ఒక్కొక్కరూ వచ్చి తమ చేత్తోనే ప్లగ్గు పెట్టారు. పసిపిల్లల చేత కూడా పెట్టించారు. తమ డబ్బా ఖాళీ అయ్యేదాకా ఎవరూ కదలరు. తమది అంతా లోపలికి పోయిందా లేదా అని ముల్లు చూసుకుని మరీ దిగారు. ఒకావిడ, "మా ఇంటికి పడమటెండ ఎక్కువండి, మాది చిక్కగా ఉంటది" అంది. ఇంకొకాయన ఒప్పుకోలేదు. వాళ్ళిద్దరినీ విడదీయడానికి నాకు తాతలు దిగొచ్చారు.

దీపం డబ్బా లేని ఇళ్ళు నాలుగున్నాయి. వాళ్ళేం తెస్తారా అని నాకు దిగులుగా ఉండింది. కుంకుడు రసం తెచ్చారు. బండిని ముక్కు నుంచి తోక దాకా తోమి, ఉప్పు వదలగొట్టి, వాటా ముట్టిందా అని అడిగారు. ముట్టింది అన్నాను. ఈసారి ఎవరేం ఇచ్చినా రెండు చేతులతో పుచ్చుకున్నాను. తోటకూర కూడా.

పల్లాలమ్మత్త అందరికంటే ఆఖర్న వచ్చింది. మంగతాయారు ఇంకా పట్నంలోనే ఉంది, పాప బరువు పెరుగుతోందట. డబ్బా తగిలించి, పక్కనే నడుం మీద చేతులేసుకుని నిలబడింది. నేను "చాలత్తా" అన్నాను.

"నువ్వాగు. అయ్యేదాకా పోనీ" అంది.

ఆశ్వయుజ శుద్ధ షష్ఠి. పోటు మామూలు.

గట్టిగా ఊపిరి పీల్చుకునే తీరిక లేదు. జ్వరమని ఒకరు, చెవిలో చీమ దూరిందని ఒకరు, మేకకు కడుపు ఉబ్బిందని ఒకరు. మేకల బండి కాదమ్మా ఇది అంటే, ఎండ పోసినప్పుడు ఆ మాట చెప్పలేదే అంది మేకావిడ. ఎస్తేరు మేకకు మందు పోసింది. ఒక్కో పిలుపుకు పడే ఖర్చు జిల్లాలో మాదే అందరికంటే తక్కువ అయిందట. బండిని ఎక్కడికీ మార్చడం లేదని నిన్ననే కబురొచ్చింది. అనిరుధ్ గారు పక్క స్టేషన్ల వాళ్ళను కూడా ఇళ్ళకు వెళ్ళి ఎండ వాటా అడగమన్నారట. ఆయనకు మా ఇద్దరి తరఫున ధన్యవాదాలు అని పలకలోనే రాస్తున్నాను.

ఇవాళ మధ్యాహ్నం పల్లాలమ్మత్త ఇంటి మీట మోగింది. మేము అవతలి లంకలో ఒక పిల్లాడికి కట్టు కడుతున్నాం. ముగించి వచ్చేసరికి కొంత ఆలస్యమైంది. ఆవిడ మెట్ల మీదే ఉంది. వెనకాల ఆవిడ భర్త నూకరాజు గారు స్తంభానికి ఆనుకుని, చెమటలు కక్కుతూ, గుండె మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు. అన్నం ముందు కూర్చున్న మనిషి ముద్ద వదిలేశారట. కంచం ఎత్తకుండానే ఆవిడ వెళ్ళి మీట నొక్కింది. ఎవరినీ అడగలేదు.

"ఎక్కడ తిరుగుతున్నావమ్మాయ్?" అంది, మేము తాడు కట్టకముందే. "ఇంటిల్లిపాదీ ఉక్కలో ఫ్యాను ఆపుకుని ఎండ పోత్తన్నాం. నా బండి నేను పిలిత్తే ఇంతసేపా? బుట్టలల్లుతున్నావా ఏంటి? ఇదేనా నీ ఉద్యోగం? పట్టు, ఆయన భుజం పట్టు. మెల్లగా. మెల్లగా అంటే నీకు తెలీదా?"

ఎస్తేరు కట్టు సంగతి చెప్పబోయింది. నేను సైగ చేసి ఆపాను.

"తప్పయిందత్తా" అన్నాను.

నూకరాజు గారికి మాత్ర నాలుక కింద పెట్టి, ముక్కుకు గాలి గొట్టం పెట్టి పట్నం చేర్చాం. పిలవడం ఇంకాస్త ఆలస్యమైనా చేసేదేమీ ఉండేది కాదనీ, వెంటనే పిలిచారు కాబట్టి దక్కాడనీ డాక్టరు చెప్పాడు.

పాయ పొడవునా ఆవిడ ఒక చేత్తో మొగుడి చెయ్యి పట్టుకుని, రెండో చెయ్యి నా వైపు విసురుతూ తిడుతూనే ఉంది. ఇన్నేళ్ళలో నాకు దండాలు పెట్టినవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను మాత్రం ముందుకు చూసి నడుపుతూ, కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక, ఆవిడ ఆ తిట్లు ఆపకుండా ఉంటే బాగుండునని కోరుకున్నాను.